మూడు చుట్ల తాళం

ఆ వీధిలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను మరోసారి మేస్త్రి. తాళం బాగుచేసి చేతికిస్తూ "ఏదీ, తిప్పి చూడండి" అంటాడు. తిప్పితే "మరోసారి" అంటాడు. మూడోసారి కూడా సాఫీగా తిరిగితే గాని కూలి పుచ్చుకోడు. చిల్లర ఇచ్చినా మరోసారే, తీసుకున్నా మరోసారే. ఎదురింటివాళ్లు నవ్వుతూ పలకరిస్తే, ఇన్నాళ్లూ లేని నవ్వు ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చిందా అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటాడు. బస్సు కండక్టరుగా పనిచేసే అతని బావమరిది, "వెనకాల తన నీడ వస్తున్నా సరే, మా బావ ఆగి, నీకిక్కడేం పని అని అడుగుతాడు" అని చుట్టాలందరి దగ్గరా చెప్పి నవ్వించేవాడు.

ఊరికే అలా తయారవలేదు మేస్త్రి. పాతికేళ్ల వయసులో, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, తాళంచెవి పారేసుకున్నాను, మా ఇల్లు కాస్త తెరిచిపెట్టు బాబూ అన్నాడు. మేస్త్రి వెళ్లి తెరిచిపెట్టి, కూలి తీసుకుని, నమస్కారం కూడా పెట్టి వచ్చాడు. ఆ ఇల్లు ఆ పెద్దమనిషిది కాదని సాయంత్రానికి తెలిసింది. మూడు రోజులు పోలీసు స్టేషను బల్ల మీద కూర్చున్నాడు. పోయిన సామాను నెల తిరక్కుండా దొరికింది గాని, మేస్త్రికి మనుషుల మీద పోయిన నమ్మకం మాత్రం మళ్లీ దొరకలేదు.

అప్పుడే ఒక పుస్తకం పెట్టాడు. మారు తాళంచెవి ఎవరు చేయించుకున్నా అందులో రాయాలి. మూడు గళ్లు: ఎవరు, ఏ తాళం, ఎందుకు. కింద సంతకం. స్టేషను జవాను తన సైకిలు తాళానికి మారు చెవి చేయించుకున్నా పెట్టాల్సిందే. బావమరిది ఒకసారి 'ఎందుకు' అన్న గడిలో "మా బావకు పనిలేక" అని రాశాడు. దాన్ని కొట్టేయించి మళ్లీ రాయించేదాకా మేస్త్రి వదల్లేదు.

దుకాణం ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడేంత వెడల్పు. గోడనిండా మేకులకు గుత్తులు గుత్తులుగా పళ్లు కోయని తాళంచెవులు. తాళంచెవిని కదలకుండా పట్టి ఉంచడానికి బల్ల అంచుకు బిగించిన వైసు, ఆకురాళ్లు, కాలి కింద ఇనుప రజను. వెనక కర్టెను తీస్తే రెండు గదుల ఇల్లు. పని ఇద్దరిదీ. పళ్ల కోత అతనిది, ఆకురాయి పట్టి నునుపు పెట్టడం భార్యది. ఇరవై రెండేళ్లుగా ఆ బల్ల మీద తయారైన ప్రతి తాళంచెవీ ఆమె వేళ్ల మధ్య నుంచే బయటికి వెళ్లింది. వచ్చినవాళ్లు మాత్రం మేస్త్రి చెయ్యి భలే నునుపండీ అనేవారు. మేస్త్రి అవునని తలూపేవాడు.

దుకాణమూ ఇల్లూ కలిపి ఒకప్పుడు అద్దెవి. ఇంటాయన బట్టల వ్యాపారం మానేసి కూర్చున్న మనిషి. ఆయనే ఒకరోజు పిలిచి, ఈ ముక్క నువ్వే కొనుక్కోవోయ్ అన్నాడు. ధర మాట్లాడుకున్నారు, కాగితం రాసుకున్నారు, బయానా ముట్టింది. మిగతాది రిజిస్ట్రీనాడు. ఇంతలో వెనకవైపు పెద్ద రోడ్డు పడుతుందని తెలిసింది, స్థలం ధర మూడింతలైంది. ఇంటాయనకు ఉన్నట్టుండి ఆ ఇంటి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అమ్మనన్నాడు. మేస్త్రి కోర్టుకెక్కాడు. ఏడేళ్లు కాళ్లు అరిగేలా తిరిగాక తీర్పు మేస్త్రి వైపే వచ్చింది. తొంభై రోజుల్లో మిగతా సొమ్ము కోర్టులో కట్టాలి, కట్టాక ఇంటాయన ఇల్లు రాసివ్వాలి. గడువులో కట్టకపోతే కొనుగోలు ఒప్పందం రద్దు చేయమని ఇంటాయన అడగవచ్చు. అది రద్దయితే దుకాణం, ఇల్లు, ఏడేళ్ల తిరుగుడు అన్నీ గంగపాలు.

వేరేవాడైతే ఎగిరి గంతేసేవాడు. మేస్త్రి తీర్పు నకలు తెచ్చుకుని మరోసారి చదివాడు. ఇందులో ఏదో మెలిక ఉందన్నాడు.

వారం తిరక్కుండా ఇంటాయన స్వయంగా దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"గెలిచావుగా మేస్త్రీ! పోనీలే, నాకూ సంతోషమే. ఇంక కోర్టెందుకు చెప్పు? డబ్బు నా చేతికే తెచ్చియ్యి. తొంభై రోజులని కంగారుపడకు. ఆర్నెల్లయినా నాకేం ఫరవాలేదు."

"ఆ మాట కాగితం మీద రాసిస్తారా?"

"భలేవాడివే. మన మధ్య కాగితాలేంటయ్యా!"

ఏడేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా ఉన్నవి కాగితాలే. ఇంటాయన వెళ్లాక మేస్త్రి ఆ స్టూలు కింద కూడా వంగి చూశాడు. ఏమీ లేదు. అయినా అతని అనుమానం నిజమేనని ముందే చెప్పేస్తాను. గడువు దాటించడానికే ఆ తీపి మాటలు. మేస్త్రి ఆ వలలో పడలేదు. తన చేత్తో తాను అల్లుకున్న వలలో పడ్డాడు.

డబ్బు కూడింది. దాచుకున్నది కొంత, భార్య గాజులు కొంత, బావమరిది సర్దింది కొంత. అంతా కలిపి కోర్టు పేర బ్యాంకు డ్రాఫ్టు తీశాడు. దాన్ని దాచడానికి దళసరి రేకుతో ఒక పెట్టె చేశాడు. దానికి మూడు చుట్లు తిప్పితే గాని ఊడని తాళం పెట్టాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు, స్నానానికి వెళ్లినా విప్పలేదు. పూటపూటకీ తాళం లాగి చూసేవాడు గాని పెట్టె మాత్రం తెరిచేవాడు కాదు. అది అతని వృత్తి సూత్రం. "తెరిచి చూసుకునేవాడు లోపల ఏముందో నలుగురికీ చూపిస్తాడు. తాళం గట్టిగా ఉంటే లోపలిది ఉన్నట్టే" అని వచ్చినవాళ్లకు కూడా పాఠం చెప్పేవాడు.

ఎనభై ఆరో రోజున డ్రాఫ్టు తీసి లోపలి జేబులో పెట్టుకుని కోర్టుకు వెళ్లాడు. గుమాస్తా చెవి మీద పెన్సిలు దోపుకుని, కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"మీ ఫైలు నకళ్ల విభాగానికి వెళ్లిందండీ. అది లేకుండా చలానా మీద ముద్ర వేయకూడదు."

"ఎవరు పంపారు?"

"ఇంటాయన తరఫువాళ్లు నకలు అడిగారు. నాలుగైదు రోజులు పడుతుంది."

నాలుగైదు రోజులు. గడువు నాలుగు రోజులే ఉంది.

"భయం లేదండీ," అన్నాడు గుమాస్తా. "గడువు పెంచమని ఒక అర్జీ పెట్టించండి. డ్రాఫ్టు దానికి జతచేసి నాకిస్తే, పుస్తకంలో ఎక్కించి రసీదు ఇస్తాను."

"ముద్ర వేయడానికైతే ఫైలు కావాలి, నా డ్రాఫ్టు మింగడానికి అక్కర్లేదా?"

గుమాస్తా ముఖం మాడింది. మళ్లీ తన కాగితాల్లో తల దూర్చాడు. మేస్త్రి బయటికి వచ్చేసరికి వాన. మెట్ల మీద నిలబడి చూస్తుంటే, భోజనానికి బయల్దేరిన ఆ గుమాస్తా ఇంటాయన గొడుగు కింద నడిచి వెళుతున్నాడు. వానలో ఎవరో గొడుగు పట్టారు, అతను దూరాడు, అంతే అయ్యుండవచ్చు. మేస్త్రికి అలా తోచలేదు. ఇద్దరూ ఒకటేనని తేల్చేసుకున్నాడు.

తిన్నగా తన వకీలమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ వయసులో చిన్నది, మాట చురుకు. టీ కొట్టు దగ్గర ఇంటాయన వకీలుతో ఏదో మాట్లాడి నవ్వుతోంది. అది చాలు మేస్త్రికి. ఆవిడ గదిలోకి తీసుకెళ్లి ఒక అర్జీ టైపు చేయించి ముందు పెట్టింది. తేదీ దగ్గర, నంబరు దగ్గర ఖాళీ ఉంది.

"ఇక్కడ సంతకం పెట్టండి. తేదీ, నంబరు ఆఫీసులో వేస్తారు."

"ఖాళీ ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టను."

"ఏ అర్జీ అయినా ఇలాగే ఉంటుందండీ! గడువు లోపల అడిగితే జడ్జిగారు వింటారు. దాటాక అడిగితే, ఇన్నాళ్లూ ఏం చేశావంటారు."

"గడువు పెంచమని నేనే అడిగితే నా దగ్గర డబ్బు లేదని ఒప్పుకున్నట్టు కాదూ? అది రాయించుకోవాలనే కదా మీరంతా కలిసి చూస్తున్నది?"

మీరంతా అన్న మాట ఆవిడకు గుచ్చుకుంది. అయినా ఓపికపట్టి, "సరే, మీ ఆవిణ్ణి ఒకసారి పంపండి, ఆమెకు చెబుతాను" అంది. మేస్త్రి ఆ మాట చెవిన వేసుకోలేదు. ఇంటికొచ్చి డ్రాఫ్టు పెట్టెలో పెట్టి, మూడు చుట్లూ తిప్పి, ఫైలు వచ్చేదాకా పెట్టె కదలదని ప్రకటించాడు. ఆ పంపండి అన్న మాటను మాత్రం భార్య దగ్గర వెక్కిరిస్తూ చెప్పాడు.

తొంభయ్యో రోజు వచ్చింది. మేస్త్రి స్నానం చేసి వచ్చేసరికి భార్య మంచి చీర కట్టుకుని నిలబడి ఉంది.

"గడువు ఇవాళ్టితో సరి కదండీ?"

"ఫైలు రానీ. వాళ్ల ఉచ్చులో నేను తల పెట్టను."

"అయితే నేను తమ్ముడి ఇంటిదాకా వెళ్లొస్తాను."

మేస్త్రి తలూపాడు. పెట్టెను బల్ల కింద పెట్టుకుని, దాని మీద కాలు వేసుకుని సాయంత్రం దాకా పని చేశాడు. వచ్చిన ప్రతివాడినీ పెట్టె వైపు చూస్తాడేమోనని కనిపెడుతూనే ఉన్నాడు. కుర్చీలు బాగుచేసే వడ్రంగి ఒకటికి రెండుసార్లు కిందికి చూశాడని, అతని పని చేయకుండానే పంపేశాడు.

ఎనిమిది రోజులు గడిచాయో లేదో, ఇంటాయన తరఫున నోటీసు వచ్చింది. గడువులో సొమ్ము కట్టలేదు, అతనికి కొనే స్తోమతే లేదు, ఒప్పందం రద్దు చేయండి. ఆర్నెల్లయినా ఫరవాలేదన్న మనిషి ఎనిమిది రోజులు ఆగలేకపోయాడు. మేస్త్రి నోటీసు మరోసారి చదవలేదు, మొదటిసారికే చెమట పట్టింది. ఇల్లు పోతుందేమోనన్న భయం అప్పుడు మొదటిసారి పుట్టింది. ఆ భయంలోనూ అతను చేసింది ఒకటే. వంగి పెట్టె తాళం లాగి చూశాడు. గట్టిగానే ఉంది.

విచారణ రోజున పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు. ఇటు భార్య, అటు బావమరిది.

"బావా, ఆ పెట్టె నాకివ్వు, కాసేపు మోస్తాను."

"ఎందుకు?"

"నీ కాలు నొప్పెడుతుందని."

"నా కాలు సంగతి నీకెందుకు?"

భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. "ఏవండీ, మీకొక మాట చెప్పాలి."

"ఇప్పుడు మాటలొద్దు. నీ దృష్టి కూడా పెట్టె మీదే ఉండనీ."

కోర్టు వరండాలో వకీలమ్మ ఎదురొచ్చింది. పెట్టె చూసి నోరు వెళ్లబెట్టింది. "అయ్యో, దీన్నెందుకు తెచ్చారండీ? మీకింకా..." అంటూ అతని భార్య వైపు చూసింది. మేస్త్రి ఆ చూపును పట్టేశాడు. "మీతో నాకు మాటలేమీ లేవు. చెప్పేదేదో జడ్జిగారితోనే చెబుతాను" అని చరచరా లోపలికి నడిచాడు.

ముందుగా ఇంటాయన వకీలు లేచాడు. ధరలు పెరిగాయన్నాడు, ఈయన కావాలనే కాలయాపన చేశాడన్నాడు, చేతిలో చిల్లిగవ్వ లేదన్నాడు. మేస్త్రికి ఒళ్లు మండింది. పిలవకుండానే ముందుకు వెళ్లి పెట్టెను బల్ల మీద దభీమని పెట్టాడు.

"డబ్బు లేదా అయ్యా? మీ కళ్లారా చూడండి!"

మొలతాడు నుంచి చెవి తీశాడు. ఒక చుట్టు. రెండో చుట్టు. మూడో చుట్టు. మూత ఎత్తాడు.

లోపల రేకు తప్ప ఏమీ లేదు.

కోర్టుహాలులో ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రి చెయ్యి పెట్టి మూలమూలా తడిమాడు. పెట్టెను తలకిందులు చేశాడు. గుమాస్తా వైపు చూశాడు, వకీలమ్మ వైపు చూశాడు, బస్సులో పెట్టె అడిగిన బావమరిది వైపు మరీ చూశాడు.

"దొంగలు! అందరూ కలిసి నా కొంప ముంచారు!"

జడ్జిగారు చెయ్యెత్తారు. "ఆగండి, మేస్త్రిగారూ. మీ డ్రాఫ్టు ఇక్కడే ఉంది. ఈ ఫైల్లో."

మేస్త్రికి అర్థం కాలేదు. జడ్జిగారు కాగితాలు తిప్పారు.

"తొంభయ్యో రోజు మధ్యాహ్నం మీ తరఫున గడువు పెంచమని అర్జీ పడింది. డ్రాఫ్టు దానికి జతచేశారు. అఫిడవిట్టు మీ భార్య ఇచ్చింది." ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివారు. "నా భర్త సొమ్ము లేక ఆగలేదు. ఎవరినీ నమ్మలేక ఆగాడు. నాలుగు రోజుల కిందటే డ్రాఫ్టు పట్టుకుని వచ్చాడు, ఫైలు లేదన్నారు. ఆ ఇంట్లోనే మా బతుకు, మా పని. అతనికి అనుమానం ఉంది గాని దురుద్దేశం లేదు. అతని అనుమానం తీర్చడానికి నాకు ఇరవై రెండేళ్లు చాలలేదు. కోర్టువారు దయచేసి ఒక్క నెల ఇప్పించవలెను."

ఈసారి నవ్వింది ఒక్కరు కాదు. జడ్జిగారు కూడా రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత గుమాస్తాను పిలిచి అడిగారు.

"ఆ నాలుగు రోజులూ ఫైలు ఎక్కడుంది?"

"నకళ్ల విభాగంలో ఉందండి. ఈయన వచ్చిన సంగతి నా పుస్తకంలో రాసుకున్నాను."

తనను తిట్టిపోయిన మనిషి కోసం అతను ఆ రోజే, ఆ తిట్టు తిన్నాకే, ఆ ముక్క రాసిపెట్టాడన్నమాట. మేస్త్రి తల పైకెత్తలేకపోయాడు. జడ్జిగారు రెండు ముక్కల్లో తేల్చేశారు. సొమ్ము గడువుకు ముందే సిద్ధంగా ఉంది, అర్జీ గడువు లోపలే పడింది, ఫైలు దొరకకపోవడం ఇతని తప్పు కాదు. గడువు ఇవాళ్టి వరకు పొడిగిస్తున్నాం. ఇవాళే సొమ్ము జమ చేయాలి, ఇంటాయన నెలలోపు ఇల్లు రాసివ్వాలి. రద్దు చేయమన్న అర్జీ కొట్టేశారు. ఇంటాయన తన గొడుగు అక్కడే మరిచిపోయి వెళ్లాడు.

గుమాస్తా చలానా తెచ్చి ముందు పెట్టాడు. అందులో రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. మేస్త్రి వాటిని చూశాడు. గుమాస్తాను చూశాడు. ఏమీ అడక్కుండా సంతకం పెట్టి, "తప్పు మాటన్నాను, మనసులో పెట్టుకోకండి" అన్నాడు. బయటికొచ్చాక బావమరిది చేతికి పెట్టె ఇచ్చాడు. ఖాళీ పెట్టె ఇప్పుడెందుకు బావా అని వాడు గొణిగాడు గాని మోశాడు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు. భార్య దుకాణం తలుపు తీసి బల్ల దగ్గర తన చోట కూర్చుంది. మేస్త్రి తన చోట కూర్చున్నాడు. ఆకురాళ్లన్నీ వరసగా సర్దాడు.

"చెవి నా మొలతాడుకే ఉంది కదే. ఎలా తీశావు?"

"పెట్టె చేసిన రోజు, దాని చెవికి మీరు పళ్లు కోసి, నునుపు పెట్టమని నా చేతికే ఇచ్చారుగా. ఆ పళ్లు చూసి ఇంకోటి కోసుకున్నాను. తొంభయ్యో రోజు మీరు స్నానానికి వెళ్లినప్పుడు దాంతోనే తీశాను." ఆమె కొంగుముడి విప్పి ఒక తాళంచెవి బల్ల మీద పెట్టింది. అచ్చం అదే. నునుపు ఇంకా బాగుంది.

"మొదటి రోజే?"

"మీరు ఎక్కడో ఒకచోట ఆగిపోతారని మొదటి రోజే తెలుసు."

"నాకు చెప్పకూడదూ?"

"చెబితే పరుగెత్తుకెళ్లి వెనక్కి తెచ్చుకునేవారు. ఇవాళ బస్సులో చెప్పబోయాను, నోరు మూయించారు."

వెనక్కి తెచ్చుకునేవాడే. ఆ సంగతి అతనికీ తెలుసు. భార్య ఆకురాయి చేతిలోకి తీసుకుంది గాని పని మొదలుపెట్టలేదు.

"నేనొకటి అడుగుతాను, చెప్పండి. గుమాస్తాను అనుమానించారు. వకీలమ్మను అనుమానించారు. నా గాజులు కొన్న కొట్టువాడిచ్చిన నోట్లు మంచివేనా అన్నారు. నా తమ్ముడు కాలు నొప్పెడుతుందంటే కూడా అనుమానించారు. ఈ ఇంట్లో ప్రతి తాళంచెవీ నా చేతుల మీదుగానే పోతుంది. నన్నొక్కదాన్నే అనుమానించలేదేం?"

"తోచలేదు."

"తోచలేదంటే? నా మీద నమ్మకమా? లేకపోతే నేను మీ లెక్కలోనే లేనా?"

మేస్త్రి నోరు తెరిచాడు. నమ్మకమే అనబోయి ఆగాడు. అబద్ధమేమో అనిపించింది. జీవితంలో మొట్టమొదటిసారి తన మీద తనకే అనుమానం వచ్చింది, ఆ అనుమానం అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. ఇన్నేళ్లూ తన చెయ్యి నునుపని ఎవరన్నా తలూపడం గుర్తొచ్చి సిగ్గేసింది.

"నాకూ తెలియదే," అన్నాడు చివరికి.

ఆమె ముఖం తిప్పుకుంది. కోపమే వచ్చింది. కాని నమ్మకమని అబద్ధం చెప్పి ఉంటే ఇంకా ఎక్కువ కోపం వచ్చేది.

కాసేపటికి మేస్త్రి లేచి, అరలోంచి పుస్తకం తీశాడు. దుమ్ము దులిపి కొత్త పేజీ తిప్పాడు. 'ఎవరు' అన్న గడిలో భార్య పేరు రాశాడు. పెళ్లయ్యాక ఆ పేరు అతను తన చేత్తో రాయడం అదే మొదటిసారి. రెండో గడిలో 'మూడు చుట్ల పెట్టె' అని రాశాడు. మూడో గడి దగ్గర కలం ఆగింది.

"ఎందుకని రాయను?"

"ఇల్లు అని రాయండి."

రాశాడు. ఆమె పుస్తకం తన వైపు తిప్పుకుని, కింద సంతకం పెట్టి ఇచ్చింది. మేస్త్రి దాన్ని మరోసారి చూడకుండా మూసేసి, బల్ల మీది తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.